చదువ నేర్చి వ్రాయ నేరని యంత్రము

(పాఠశాల వార్షికోత్సవానంతరము భంజనగర్‌లో జరిగిన తల్లిదండ్రుల సభయందు ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)

 

ఈ సంవత్సరపు వార్షికోత్సవమును వీడియోగా తీయించి తల్లిదండ్రులకందరకు పంపెదమని మేము చెప్పియుంటిమి. ఆ వీడియో మీకు మూడు వారములు ఆలస్యముగా చేరినది. కారణమేమని మీలో పలువురు అడిగిరి. సూరతులో పవర్‌లూము పనిలోనున్న తండ్రులు ఇంటికి ఫోను చేసి, “మా అమ్మాయి నాట్యము ఎప్పుడు చూతుము?” అని అడిగినట్లు తల్లులు మాతో చెప్పిరి. మరికొందరు, “మాస్టారూ, ఉచితముగా వచ్చిన సాఫ్ట్‌వేరుతో పని పెట్టుకొన్న ఇట్లే యుండును, డబ్బిచ్చి కొన్నచో ఈ తిప్పలుండవు గదా” అని సెలవిచ్చిరి.

ఈ ప్రశ్నకు రెండు ముక్కలలో జవాబు చెప్పి ఊరకుండవచ్చును. కాని ఆ చిక్కును విప్పుటలో మన విద్యార్థులు నేర్చిన పాఠము మీకును వినదగినదని మాకు తోచినది. అందు కొంత శాస్త్రమున్నది, కొంత చట్టమున్నది, అంతకు మించి మన పిల్లల మాతృభాషను గూర్చిన ప్రశ్న యొకటి యున్నది. కావున నేటి ప్రసంగమునకు ఆ విషయమునే తీసికొనుచున్నాము.

మొదట వీడియో యననేమో చూతము. వరుసగా చూపబడు నిశ్చల చిత్రముల మాలయే వీడియో. సెకనుకు 25 చిత్రములు కన్నుల ముందు మారినచో మనకు కదలిక కనబడును. ఒక్కొక్క చిత్రమునందు అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలుండును. రంగులతో కూడ ఒక్కొక్క చుక్కకు సగటున ఒకటిన్నర బైటు లెక్క వేసినను ఒక చిత్రమునకు 31 లక్షల బైట్లు కావలయును. సెకనుకు 7 కోట్ల 77 లక్షలు. ఈ లెక్కను గంటకు పొడిగించినచో సుమారు 280 గిగాబైట్లగును. 64 గిగాబైట్ల ఫోనులో పావుగంట వీడియో కూడ పట్టదన్నమాట. అట్టి దానిని సూరతునకు పంపుట యెట్లు?

అందుచేత వీడియోను కుదించి వ్రాయు పద్ధతులను శాస్త్రజ్ఞులు కనిపెట్టిరి. మన రంగస్థలమునే ఉదాహరణముగా తీసికొనుడు. వెనుక తెర కదలదు, స్తంభములు కదలవు. నర్తించు బాలిక మాత్రము కదలును. కావున తెరను ఒకసారి వ్రాసికొని, తరువాతి చిత్రములలో మారిన భాగమును మాత్రము వ్రాసినచో చాలును గదా. స్థూలముగా కిటుకు ఇదియే. ఈ విధముగా సెకనుకు 50 లక్షల బిట్ల చొప్పున వ్రాసినచో గంట వీడియో రెండుంబాతిక గిగాబైట్లలో ఇముడును. అనగా మొదటి లెక్కలో నూట యిరువదవ వంతు కంటె తక్కువ.

ఇట్లు కుదించి వ్రాయు సాధనమును ఎన్‌కోడరు అందురు. వ్రాసిన దానిని మరల విప్పి తెరపై చూపు సాధనమును డికోడరు అందురు. ఎన్‌కోడరు వ్రాయసకాడు, డికోడరు చదువరి. ఈ రెంటికి ఉమ్మడిగా ఒక లిపి యుండవలయును. అట్టి లిపులలో నేడు మిక్కిలి ప్రచారముననున్నది హెచ్.264 అనునది. దీనిని 2003లో అంతర్జాతీయ ప్రమాణ సంస్థలు ప్రకటించినవి. పాత ఫోనులు మొదలు కొత్త టెలివిజనుల వరకు ఇంచుమించు అన్నియు దీనిని చదువగలవు.

ఇక మన పాఠశాలలో జరిగినదేమో చెప్పెదము. మన కంప్యూటరులోనున్నది స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరనగా ఎవరైనను వాడుకొనుటకు, లోపల చూచుటకు, మార్చుటకు, ఇతరులకు పంచుటకు అనుమతి గల సాఫ్ట్‌వేరు. పదవ తరగతి విద్యార్థులు విజ్ఞానశాస్త్రోపాధ్యాయుని సాయముతో వార్షికోత్సవ దృశ్యములను వరుసగా కూర్చి, పేర్లను తెలుగులో వేసి, శ్రమపడి సిద్ధము చేసిరి. తుదకు ఫైలుగా వ్రాయుమని ఆజ్ఞ యిచ్చినంతనే “అన్‌నోన్ ఎన్‌కోడర్ లిబ్‌ఎక్స్‌264” అని యంత్రము బదులు చెప్పినది. అట్టి వ్రాయసకాని నేనెరుగనని దాని యర్థము.

పిల్లలకు ఆశ్చర్యము కలిగినది. ఏలయన, కెమెరా నుండి వచ్చిన దృశ్యములు అదే హెచ్.264 లిపిలోనివి. వానిని ఆ కంప్యూటరు చక్కగా చూపుచునే యుండెను. ఒక బాలుడు, “మాస్టారూ, చదువ వచ్చినదానికి వ్రాయ రాదా?” అని అడిగెను. ఆ బాలుని ప్రశ్నలోనే చిక్కు యొక్క మూలమున్నది.

వీడియో సంబంధమైన స్వేచ్ఛా సాఫ్ట్‌వేరులలో అధిక భాగమునకు పునాది ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అను గ్రంథాలయము. దీనిని ఫాబ్రిస్ బెల్లార్డు అను ఫ్రెంచి దేశీయుడు 2000లో ఆరంభించెను. కేడెన్‌లైవ్, షాట్‌కట్ వంటి కూర్పు సాధనములు ఎంఎల్‌టీ అను మరియొక అంతస్తు ద్వారా ఈ పునాదిపైననే నిలిచియున్నవి. హెచ్.264ను చదువు డికోడరు ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌నకు సొంతముగా కలదు. వ్రాయు ఎన్‌కోడరు మాత్రము సొంతముది కాదు. అది ఎక్స్‌264 అను వేరొక గ్రంథాలయము నుండి రావలయును. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌ను తయారుచేసి మనకందించువారు ఆ గ్రంథాలయమును జతపరచినచో వ్రాత యుండును. జతపరచకున్న చదువు మాత్రముండును.

ఎక్స్‌264ను పెంచి పోషించినది వీడియోలాన్ అను సంస్థ. మీ ఫోనులలో, కంప్యూటరులలో నారింజరంగు శంకువు గుర్తుతో కనబడు వీఎల్‌సీ సాధనము కూడ వారిదే. వీడియోలాన్ 1996లో ఎకోల్ సెంట్రాల్ పారిస్ విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలైనది. విద్యార్థులు తమ కళాశాల అవసరమునకై మొదలిడిన పని నేడు ప్రపంచమంతట వాడుకలోనున్నదన్న సంగతి మన విద్యార్థులు గుర్తుంచుకొందురు గాక.

వ్రాయసకానిని జతపరచక విడిచిపెట్టుట ఏల? ఇందులకు రెండు కారణములు కలవు.

మొదటిది అనుమతి పత్రము. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ఎల్‌జీపీఎల్ అను సడలింపు గల అనుమతి పత్రము క్రింద పంచబడుచున్నది. ఎక్స్‌264 జీపీఎల్ అను మరింత గట్టి నిబంధనల క్రిందనున్నది. రెంటిని జతపరచినచో మొత్తము జీపీఎల్ నిబంధనలకు లోబడును. అందుకిష్టపడనివారు జతపరచరు.

రెండవది పేటెంటు. హెచ్.264 పద్ధతియందలి పలు కిటుకులపై పలు సంస్థలు పేటెంటులు పొందినవి. వానిని వాడుకొనుటకు రుసుము చెల్లింపవలసిన దేశములు కలవు. అమెరికా చట్టమునకు లోబడి పనిచేయు వితరణ సంస్థలు ఈ విషయమున జాగ్రత్త వహించుచున్నవి. ఫెడోరా అను లైనక్స్ వితరణము 2022లో తన 36వ రూపమున ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌ను చేర్చుకొన్నది గాని, ఎక్స్‌264 లేని రూపమునే చేర్చుకొన్నది. డెబియన్ వితరణము ఎక్స్‌264ను తన ప్రధాన భాండారముననే యుంచినది. ఒకే పేరు గల సాఫ్ట్‌వేరు ఒక యింట వ్రాయుటకును, పొరుగింట వ్రాయకుండుటకును కారణమిది. 2013లో సిస్కో సంస్థ ఓపెన్‌హెచ్264 అను ఎన్‌కోడరును ప్రకటించి, తన వద్ద నుండి దింపుకొనువారి తరఫున రుసుమును తానే చెల్లించుటకు పూనుకొన్నది. అది యొక మధ్యేమార్గము.

పేటెంటు కలకాలము నిలుచునది కాదు. మన దేశమున దాని ఆయువు 20 సంవత్సరములు. ఎంపీ3 అను శబ్దలిపికి కూడ పూర్వమిట్టి అడ్డంకులే యుండెను. 2017 ఏప్రిల్ మాసమున దాని లైసెన్సుల కార్యక్రమము ముగిసినది. పిమ్మట ఫెడోరా సయితము దాని వ్రాయసకానిని చేర్చుకొన్నది.

ఇప్పుడు “ఉచితమైన దానికి ఇంతే” అను మాటకు సమాధానము చెప్పవచ్చును. డబ్బిచ్చి కొన్న సాఫ్ట్‌వేరులో ఈ రుసుము ధరయందే కలసియుండును. కావున కొన్నవానికి చిక్కు కనబడదు. అంతవరకు మీ మాట నిజమే. కాని మన చిక్కునకు కారణము స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును వ్రాసినవారి నైపుణ్యలోపము కాదు. వారు వ్రాసిన ఎన్‌కోడరు ఉన్నది, చక్కగా పనిచేయును. దానిని మన యింటి వరకు తెచ్చు దారిలో చట్టపు గేటు ఒకటి యున్నది, అంతియే.

ఇట్టి చిక్కు మీ యిండ్లలో చదువుకొను పిల్లలకును రావచ్చును. కావున వెదకవలసిన క్రమమును చెప్పెదము. వైద్యుడు నాడి చూడక మందీయడు గదా, ఇందును అంతే.

మొదట యంత్రము చెప్పిన మాటను ఉన్నదున్నట్లు కాగితముపై వ్రాసికొనవలయును. “ఎన్‌కోడరు తెలియదు” అన్నచో ఆ సాధనము లేదని యర్థము. “ఎన్‌కోడరును తెరువలేకపోతిని” అన్నచో సాధనమున్నది గాని మరేదో అడ్డుచున్నది. ఎన్‌వెంక్, వీఏఏపీఐ వంటి పేర్లు కనబడినచో చిత్రములను గీయు ప్రత్యేక కార్డు చేత వ్రాయించుటకు ప్రయత్నము జరుగుచున్నదని తెలియవలయును. ఆ కార్డు లేకున్నను, దాని డ్రైవరు పాతదైనను పని సాగదు. అప్పుడు పట్టికలో కార్డుతో నిమిత్తము లేని మామూలు ఎన్‌కోడరును ఎంచుకొన్నచో చిక్కు తీరును. ఈ రెండు రోగములకు మందులు వేరు. పేరు తెలియక మందు వేయరాదు.

రెండవది, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌నే అడుగవలయును. ఆజ్ఞలు వ్రాయు నల్లని తెరపై దాని పేరు వ్రాసి, ఖాళీ విడిచి, చిన్న అడ్డగీతతో ఎన్‌కోడర్స్ అని వ్రాసినచో తనకు తెలిసిన వ్రాయసకాండ్ర పట్టికను అది చదివి వినిపించును. అందు లిబ్‌ఎక్స్‌264 లేకున్న నిశ్చయముగా లేనట్లే. అదే విధముగా బిల్డ్‌కాన్ఫ్ అని అడిగినచో తన్ను తయారుచేసినప్పుడు ఏయే గ్రంథాలయములను జతపరచిరో చెప్పును. “ఎనేబుల్ లిబ్‌ఎక్స్‌264” అను మాట అచట కనబడవలయును.

మూడవది, ఆ కంప్యూటరులో ఒకే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ కలదా, రెండు కలవా యని చూడవలయును. ఇది చాలమంది మరచు సంగతి. ఈ కాలపు సాఫ్ట్‌వేరులు కొన్ని ఫ్లాట్‌ప్యాక్, యాప్‌ఇమేజ్ అను పెట్టెలలో వచ్చును. పెట్టెలోని సాఫ్ట్‌వేరు తన అన్నము తానే మూటగట్టుకొని వచ్చిన ప్రయాణికుని వంటిది. ఇంటిలో మనమెన్ని వండినను అతడు తన మూటలోనిదే తినును. మన విషయమున జరిగినది సరిగా ఇదియే. కంప్యూటరునందలి ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో ఎక్స్‌264 లేకుండుట నిజమే. దానిని తీసి సంపూర్ణ రూపమును చేర్చిన తరువాత కూడ కూర్పు సాధనము పాత మాటయే చెప్పినది. విచారింపగా అది పెట్టెలో వచ్చినదనియు, పెట్టెలోని గ్రంథాలయమునందును ఎక్స్‌264 లేదనియు తేలినది. ఒకే తలుపునకు రెండు తాళములన్నమాట. మొదటి తాళము తీసి తలుపు తెరువబడలేదని నిరాశపడినచో పని అచటనే ఆగిపోయి యుండును. రెండవ తాళమును గుర్తించినది మన పదవ తరగతి బాలికలు.

నాలుగవది, కొరతను సరియైన చోటినుండి తీర్చుకొనవలయును. ఫెడోరా వాడువారికి ఆర్‌పీఎం ఫ్యూజన్, ఓపెన్‌సూసే వాడువారికి ప్యాక్‌మన్ అను అనుబంధ భాండారములు కలవు. వాని నుండి తెచ్చినప్పుడు వీడియో గ్రంథాలయములన్నియు ఒకే భాండారమునుండి తెచ్చుకొనవలయును. సగమొక చోట, సగమొక చోట తెచ్చినచో ఒకదాని మాట మరియొకటికి పొసగక కొత్త చిక్కులు వచ్చును. ఇచట తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక. “కోడెక్ ప్యాక్” అను పేర ఊరు పేరు తెలియని చోట్ల దొరకు ఫైళ్లను పిల్లలను దింపుకొననీయకుడు. వాని మాటున దొంగ సాఫ్ట్‌వేరు ఇల్లు చొచ్చు ప్రమాదము కలదు.

ఐదవది, మొత్తము వీడియోను ఒక్కసారి వ్రాయింపక మొదట పది సెకన్లు వ్రాయించి చూడవలయును. ఆ ముక్కను కొత్త ఫోనులో గాక, దొరకిన వానిలో మిక్కిలి పాత ఫోనులో చూడవలయును. చిత్రమునకు 420 అను రంగుల అమరికను, శబ్దమునకు ఏఏసీ అను లిపిని ఎంచుకొన్నచో పాత ఫోనులును చదువగలవు. రంగుల అమరిక వేరైనచో కంప్యూటరులో చక్కగా కనబడిన వీడియోయే ఫోనులో నల్లని తెరగా మిగులుట కలదు. సూరతులోనున్న తండ్రి వద్ద ఏ ఫోను ఉన్నదో మనకు తెలియదు. కావున అన్నిటికంటె పేద ఫోనునే కొలబద్దగా పెట్టుకొంటిమి.

ఎన్‌కోడరు దొరకు వరకు చేతులు ముడుచుకొని కూర్చుండ పనిలేదని కూడ పిల్లలు నేర్చిరి. రుసుము లేని లిపులు కొన్ని కలవు. గూగుల్ సంస్థ 2010లో వెబ్‌ఎం అను రూపమును, అందు వీపీ8 అను లిపిని వెలువరించినది. 2013లో వీపీ9 వచ్చినది. పలు సంస్థల కూటమి 2018లో ఏవీ1ను ప్రకటించినది. వికీమీడియా కామన్స్ అను స్వేచ్ఛా భాండారము ఇట్టి లిపులనే స్వీకరించును, హెచ్.264తో కూడిన ఎంపీ4 ఫైళ్లను స్వీకరింపదు. కావున ఫోనులకు ఎంపీ4, లోకమునకు పంచుకొనుటకు వెబ్‌ఎం, భద్రపరచుటకు కెమెరా నుండి వచ్చిన మూల ఫైలు అను మూడు రూపములను మన పాఠశాలలో నియమముగా పెట్టుకొంటిమి. టేపులు మొదలగు పాత రూపముల నుండి మార్చునప్పుడు ఎఫ్‌ఎఫ్‌వీ1 అను లిపి మేలైనది. అది ఒక్క చుక్కనైనను పోగొట్టదు. దాని వివరము 2021లో బహిరంగ ప్రమాణముగా ప్రచురింపబడినది. దాని వ్రాయసకాడు ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌నకు సొంతవాడే.

మహాశయులారా, ఇంతవరకు యంత్రమును గూర్చి చెప్పితిమి. ఇక మన యిండ్లను గూర్చి చెప్పవలసియున్నది.

చదువ వచ్చి వ్రాయ రాని యంత్రమును గూర్చి ఆ బాలుడు ఆశ్చర్యపడెను గదా. మన పాఠశాలకు వచ్చు పిల్లలలో పలువురు సరిగా అట్టి స్థితియందే యున్నారు. ఇంటిలో నాయనమ్మ “ఏటి నాన్నా, అన్నము తిన్నావా?” అని అడిగినచో మనుమనికి ప్రతి మాటయు అర్థమగును. కాని బదులు ఒడియాలో వచ్చును. తెలుగు వినుటకు తెలియును, పలుకుటకు నోరు తిరుగదు. పలికినను వ్రాయుటకు చేయి తిరుగదు. డికోడరు కలదు, ఎన్‌కోడరు లేదు.

ఈ లోపము యొక్క స్వభావమును గమనింపుడు. కంప్యూటరు చిత్రములను చూపుచున్నంతకాలము దానికి వ్రాత రాదని ఎవరికిని అనుమానము కలుగలేదు. పిల్లవాడు తాత మాట విని పని చేయుచున్నంతకాలము వానికి తెలుగు వచ్చునని మనము తృప్తి చెందుచున్నాము. వాడు తన మనసులోని మాటను తెలుగులో ఒక పుటగా వ్రాయవలసిన దినమున గాని ఆ కొరత బయటపడదు. అటుపై వాని పిల్లలకు వినుటకు కూడ తెలుగు మిగులదు. వ్రాయువాడు లేనిచోట కొంత కాలమునకు చదువదగినదియు నుండదు.

ఒడియాను మేము తక్కువ చేయుటలేదు. ఈ యూరు కవిసమ్రాట్ ఉపేంద్ర భంజుని పేరు దాల్చిన యూరు. పూర్వము ఆంగ్లేయుల కాలమున రస్సెల్‌కొండ యని పిలువబడినది. ఇచట పుట్టి పెరుగు పిల్లలకు ఒడియా చక్కగా రావలయును, వచ్చుచున్నది కూడ. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిశా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడువరకు గంజాం మదరాసు ప్రెసిడెన్సీలో నుండెను. సరిహద్దు గీత మారినది. ఇండ్లలో మాట మారలేదు. భాషాల్పసంఖ్యాకులు తమ విద్యాలయములను స్థాపించి నడుపుకొను హక్కును మన రాజ్యాంగము 30వ అధికరణమున ఇచ్చినది. వారి పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషయందు బోధనకు తగిన సౌకర్యములు కల్పింపవలయునని 1956లో ఏడవ సవరణ ద్వారా చేర్చబడిన 350ఏ అధికరణము చెప్పుచున్నది. హక్కు కలదు. ఆ హక్కును వాడుకొను పిల్లల సంఖ్య ఏటేట మీ నిర్ణయముపై ఆధారపడియున్నది. భాండారములో గ్రంథాలయమున్నను మనము తెచ్చి జతపరచకున్న యంత్రమునకు వ్రాత రానట్లే, పాఠశాల యున్నను పిల్లవానిని పంపకున్న వానికి వ్రాత రాదు.

ఈ ప్రాంతమునకే చెందిన ఒక మహనీయుని ఇచట స్మరింపవలసియున్నది. గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు నాటి గంజాం జిల్లాయందలి పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండిరి. కొండలలోని సవరల భాష అప్పుడు నోటిలో మాత్రమే యుండెను; వ్రాతలో లేదు. వారు ఆ భాషను నేర్చి, సవర పిల్లలకు ఆ భాషలోనే చదువు చెప్పించిరి. వారు రచించిన సవర భాషా గ్రంథము 1931లోను, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లోను వెలువడినవి. తనది కాని భాషకు అంతటి సేవ చేసిన పంతులుగారు తిరిగిన జిల్లాలో మనము మన సొంత భాషకు కొంత సేవ చేయలేమా?

వినికిడిని నిలువబెట్టుట కూడ సేవయే. భారతీయ భాషల పరిశీలన కార్యక్రమమునకై 1913 నుండి 1929 వరకు గ్రామఫోను రికార్డులు తీసిరి. ఆనాడు మాటలాడినవారు నేడు లేరు. వారి కంఠములను మాత్రము నేడును కంప్యూటరు ద్వారా వినవచ్చును. కారణము, ఆ పలకలను చదువు పద్ధతి లోకమునకు తెలిసియుండుట, ఎవరో వానిని భద్రపరచియుండుట. మన ఫోనులలోని వీడియోలు నూరేండ్లు నిలుచునా? ఫోను పోయినచో పోవును. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాలపూర్ వద్ద తీరము దాటినప్పుడు తడిసిన కాగితములను, ఫోటోలను ఎండబెట్టుకొన్న యిండ్లవారు ఈ సభలోనే యుందురు. ఒకే చోటనున్న ఒకే ప్రతి ప్రతి కాదని తుపానులు మనకు నేర్పినవి.

కావున ఈ సంవత్సరము తల్లిదండ్రులను నాలుగు కోరికలు కోరుచున్నాము.

ఒకటి: మీ యింటి పెద్దలలో ఒక్కరి మాటను పది నిమిషములు వీడియోగా తీయుడు. వారు ఏ యూరినుండి వచ్చిరో, చిన్ననాడు ఏమి పండించిరో, పండుగల నాడు ఏమి వండిరో చెప్పింపుడు. మొదట వారి పేరు, ఊరు, తేదీ వారి నోటనే పలికింపుడు. వారి యిష్టము లేనిదే తీయవలదు. ఇతరులకు చూపుటకు వారి అనుమతిని వేరుగా అడుగుడు.

రెండు: ఆ ఫైలును ఫోనునుండి ఫోనునకు వాట్సాప్ ద్వారా పంపిన ప్రతిగా గాక, తీసిన ఫోనుతోనే పాఠశాలకు తెండు. వాట్సాప్ వీడియోను మరల కుదించి వ్రాయును. ప్రతి కుదింపులోను కొంత పోవును. మూల ఫైలును మేము రెండు వేర్వేరు డిస్కులలో, రెండు వేర్వేరు కప్పుల క్రింద భద్రపరచెదము.

మూడు: ఆ పది నిమిషముల మాటలలో ఒక్క పుట మీ పిల్లవాని చేత తెలుగులో వ్రాయింపుడు. నాయనమ్మ “ఏటి” అన్నచో “ఏటి” అనియే వ్రాయనీయుడు, దిద్దవలదు. తప్పులు వచ్చును, రానిండు. మన వద్ద ఉపాధ్యాయులున్నది అందుకే. ఈ మూడవ కోరిక లేనిచో మొదటి రెండును సగము పనియే. వీడియో పెద్దల మాటను నిలుపును. పిల్లవాని వ్రాత ఆ మాటను ముందుకు నడుపును.

నాలుగు: కంప్యూటరు తప్పు చూపినప్పుడు పిల్లలను కోపగింపకుడు, చూపిన మాటను వ్రాసికొని రమ్మనుడు. హైదరాబాదులో స్వేచ్ఛ అను సంస్థవారు తెలుగులోనే ఆపరేటింగు సిస్టమును కూర్చి చూపిరి. తెలుగున కంప్యూటరు విద్య సాధ్యమేనని అది ఋజువు. యంత్రము చెప్పిన తప్పును తెలుగులో అర్థము చేసికొని, తెలుగులో చర్చించి, సరిచేసిన మన విద్యార్థులును ఈ సంవత్సరము దానినే ఋజువు చేసిరి. తెలుగు మాధ్యమములో చదివినచో పిల్లలు వెనుకబడుదురను భయము మీలో కొందరకున్నదని మేమెరుగుదుము. ఆ రెండవ తాళమును కనుగొన్న బాలికలు తెలుగు మాధ్యమము వారే.

 సూరతునందలి తండ్రులు తమ పిల్లల ఆటపాటలు ఫోనులో చూచితిమని కబురు పంపిరి. వచ్చు సంవత్సరపు వార్షికోత్సవమునందు మీ పిల్లలు వ్రాసికొని వచ్చిన తాతల మాటలు ఈ వేదికపై చదువబడునట్లు మీరందరు సహకరింపవలయునని కోరుచు, మా ప్రసంగమును ఇంతటితో ముగించుచున్నాము.

స్వస్తి. జై హింద్.